బురద తగలని రిపోర్టు

2023 ఫిబ్రవరి. అమలాపురంలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో నెట్‌వర్క్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ప్రసూతి సెలవు ముగించుకుని మళ్లీ ఉద్యోగంలో చేరి అప్పటికి రెండు నెలలు. ఆ నెలలో నేనొక రిపోర్టు రాసి సంతకం పెట్టాను. అందులో చివరి వాక్యం ఇది: "లింకులో ఎలాంటి లోపం లేదు. పరికరం వాడే సిబ్బందికి శిక్షణ అవసరం." ఎవరూ చెయ్యి పట్టుకుని రాయించలేదు. నేనే రాశాను. ఆ వాక్యం తప్పని తెలియడానికి నాకు పదహారు రోజులు పట్టింది. ఈలోగా ఆ కాగితం ఒక నర్సు ఉద్యోగం మీదికి వెళ్లింది.

మా పని గురించి తెలియనివాళ్లకు ముందు అక్కడి ఏర్పాటు చెప్పాలి. వైనతేయ పాయ గట్టు దాకా మా ఫైబర్, అంటే వెలుతురు మీద సమాచారం మోసే గాజు తీగ, వెళుతుంది. పాయ అవతల ఒక లంక గ్రామం. పేరు రాయను. నీటి మీదుగా తీగ వేయడం కుదరక గట్టు మీద టవర్‌కి ఒక యాంటెన్నా, లంకలో హెల్త్ సబ్‌సెంటర్ మేడ మీద ఇనుప గొట్టానికి ఇంకో యాంటెన్నా బిగించారు. రెండింటి మధ్య సుమారు రెండు కిలోమీటర్లు. సబ్‌సెంటర్ నుంచి బయల్దేరిన ఫైలు మొదట గాలిలో పాయ దాటి, గట్టు మీద తీగ ఎక్కి, ఎక్కడో దూరాన ఉన్న సర్వర్‌కి చేరుతుంది. కొంత గాలి, కొంత తీగ. మా ఉద్యోగంలో తలనొప్పులన్నీ ఈ రెండూ కలిసే చోటే మొదలవుతాయి.

ఆ సబ్‌సెంటర్‌లో నర్సు, అంటే ఏఎన్ఎం, నాగమణి గారు. పద్దెనిమిదేళ్లుగా అదే లంకలో ఉన్నారు. ఆవిడకు సీటీజీ మిషన్ ఒకటి ఇచ్చారు. కడుపులో బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో, తల్లికి నొప్పులు ఎలా వస్తున్నాయో పక్కపక్కనే గీసే మిషన్ అది. ఆ గీతల ఫైలు టాబ్లెట్‌లో పంపితే టౌన్లో డాక్టరు చూసి, ఉండమనో, వెంటనే పడవ ఎక్కించమనో చెబుతారు. ఫైలు ఐదు నిమిషాల్లో చేరకపోతే యాప్ దాన్ని వదిలేస్తుంది. మళ్లీ మొదటి నుంచి పంపాలి. ఈ నియమం పెట్టినవాళ్లు ఎప్పుడైనా లంకలో ఒక పూట గడిపారా అని నేను చాలాసార్లు తిట్టుకున్నాను. తరవాత నా సంగతే గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

ఫైళ్లు వెళ్లడం లేదని నాగమణి గారు పదే పదే ఫిర్యాదు చేశారు. మా మేనేజర్ గారు నన్ను వెళ్లి చూసి రమ్మన్నారు. ముందు రోజే పడవ సింహాచలానికి ఫోన్ చేశాను. ఆ రేవులో ఆఫీసుల వాళ్లెవరు లంకకు వెళ్లాలన్నా ఆయన్నే అడుగుతారు.

"మేడం గారండీ, పదింటికి రేవులో ఉండండి. నీళ్లు మెట్టు దాకా ఉంటాయి. చెప్పు తడవకుండా దించేత్తాను" అన్నాడు.

అన్నట్టే దించాడు. రేవు మెట్టు మీద నుంచి పడవలోకి ఒక అడుగు, పడవలోంచి అవతలి మెట్టు మీదికి ఒక అడుగు. ఇంటి దగ్గర ఎనిమిది నెలల పాపను అత్తయ్యగారికి అప్పగించి వచ్చానని తెలిసి, "బేగా పంపేత్తాంలెండి, పిల్ల ఏడుత్తాది" అని నాగమణి గారు నాకంటే ఎక్కువ కంగారు పడ్డారు. టీ ఇచ్చారు. నేను స్పీడ్ టెస్ట్ పెట్టాను. ఎంత రావాలో అంతా వచ్చింది. పాత సీటీజీ ఫైలు ఒకటి పంపమన్నాను. అర నిమిషంలో వెళ్లిపోయింది.

"చూసేరాండీ, మీరు వచ్చేరని బుద్ధిగా ఉంది. మీరు గట్టు ఎక్కేక చూడాలి దీని వేషాలు" అన్నారు నవ్వుతూ.

"మామూలుగా ఏ టైంలో వెళ్లదండీ?"

"టైమంటూ లేదండి. ఓరోజు పొద్దుటే, ఓరోజు మద్దేనం. అంతా రాసేను, చూడండి" అని ఒక రిజిస్టరు తెచ్చిపెట్టారు. తేదీ, గంట, వెళ్లింది, వెళ్లలేదు. గుండ్రటి అక్షరాలతో రెండు నెలల లెక్క ఉంది.

నేను దాన్ని రెండు నిమిషాలు తిరగేశాను. మా పనిలో రద్దీ వల్ల వచ్చే లోపానికి వేళ ఉంటుంది, అందరూ ఫోన్లు పట్టుకునే సాయంత్రాలు. కరెంటు వల్ల వచ్చే లోపానికీ వేళ ఉంటుంది. ఈ లెక్కలో ఏ వేళా లేదు. వేళాపాళా లేని లోపమైతే అది వాడే మనిషిలో ఉన్నట్టే అని మా వాళ్లలో ఒక నమ్మకం. ఎవరు కనిపెట్టారో గానీ మాకు చాలా సౌకర్యంగా ఉండే నమ్మకం. "ఫైలు వెళుతుండగా టాబ్లెట్ కవర్ మూసేస్తున్నారేమో చూసుకోండి" అని ఆవిడకు చెప్పాను. పద్దెనిమిదేళ్లు కాన్పులు చేసిన మనిషికి, టాబ్లెట్ మూత గురించి! ఆవిడ "ఆయ్, అలాగేనండి" అన్నారు. పన్నెండు కాకముందే సింహాచలం నన్ను తడి తగలకుండా గట్టు దించాడు. సాయంత్రానికి రిపోర్టు వెళ్లిపోయింది.

రెండు వారాల తరవాత నాగమణి గారు ఫోన్ చేశారు. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"మేడం గారండీ, నాకు మెమో వచ్చిందండి. మీ రిపోర్టు జిరాక్సు దానికి పిన్ను కొట్టేరు."

జరిగింది ఇది. లంకలో దుర్గ అనే అమ్మాయికి తొలి కాన్పు, నెలలు నిండాయి. ఒకరోజు మధ్యాహ్నం కడుపులో కదలిక తగ్గిందని వచ్చింది. నాగమణి గారు మిషన్ పెట్టి చూస్తే నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె వేగం జారిపోతోంది. ఫైలు పంపారు. వెళ్లలేదు. మళ్లీ పంపారు. నాలుగుసార్లు. ఒక్కోసారి ఐదు నిమిషాలు చూడటం, యాప్ వదిలేయడం, మళ్లీ మొదలు. డాక్టరుకు ఫోన్ చేస్తే ఆయన వేరే కాన్పులో ఉన్నారు. ఫైలు పెట్టమన్నారట, చూసి చెబుతామన్నారట. ఐదోసారి పంపకుండా నాగమణి గారు దుర్గను మంచం మీద పడుకోబెట్టి, నలుగురి చేత మోయించి, మోకాలి లోతు బురదలో పడవ దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి టౌన్‌కి చేర్చారు. ఆపరేషన్ చేశారు. తల్లీ పిల్లా బతికారు.

అందుకు ఆవిడకు మెమో. నిర్ణీత సమయంలో ఫైలు ఎందుకు పంపలేదు? డాక్టరు సూచన లేకుండా గర్భిణిని ఎందుకు తరలించారు? లింకులో లోపం లేదని, సిబ్బందికే వాడటం రాదని సంబంధిత కంపెనీ ఇంజనీరు ధ్రువీకరించి ఉన్నందున, మీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో ఏడు రోజుల్లో తెలపండి.

సంబంధిత కంపెనీ ఇంజనీరు అంటే నేను.

"ఇంకా ఏడేళ్ల సర్వీసుందండి. ఉద్యోగం తీసేత్తారని కాదు గానీ, ఈ వయసులో చేతకానిదని రాసేత్తే ఎలాగండీ? రేపు నన్ను నమ్మి ఎవరు పడవెక్కుతారు?" అన్నారు నాగమణి గారు.

మా పాప ఒళ్లో ఉంది. దాదాపు తొమ్మిది నెలల కిందట ఇలాంటి మిషన్ బెల్టు నా కడుపుకీ కట్టారు. ఆ గీత ఒకసారి కిందికి జారితే మా గదిలోకి ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. దుర్గ గీత జారినప్పుడు నా లింకు ఐదు నిమిషాలకోసారి చేతులెత్తేసింది. తప్పు ఆవిడదని నేను ముందే రాసిపెట్టి ఉంచాను.

మర్నాడు మేనేజర్ గారి దగ్గరికి వెళ్లాను. ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పి, "చూడమ్మాయ్, గ్రాఫ్ అంతా ఆకుపచ్చే. లింకు ఒక్కసారి కూడా పడలేదు. పోయిన ప్యాకెట్లు నెల సగటున వందకి రెండు. రెండుకి ఎవరైనా ఏడుస్తారా?" అన్నారు. ప్యాకెట్ అంటే ఫైలును ముక్కలు చేసి పంపేటప్పుడు ఒక్కో ముక్క.

"సగటు వద్దు సార్. ఆ రోజు, ఆ గంటది చూపించండి."

"గంటగంటకీ దాచుకోం కదమ్మా. అయినా నువ్వు సంతకం పెట్టిన రిపోర్టే కదా అది? ఇప్పుడు కాదంటే కంపెనీ పరువేం కాను? కావాలంటే వాళ్ల స్పీడు ప్యాకేజీ పెంచుదాం. యాభై ఉన్నదాన్ని వంద చేద్దాం."

"రేవులో పడవ మునిగిపోతోందంటే, గట్టు మీద రోడ్డు వెడల్పు చేద్దామంటున్నారు సార్ మీరు."

ఆయనకు నచ్చలేదు. నాకూ ఆ మాట అన్నందుకు తృప్తేమీ కలగలేదు. అంత తెలివిగా మాట్లాడగలిగినదాన్ని ఆ రిపోర్టు రాసేటప్పుడు ఎక్కడున్నానో తెలియలేదు.

మళ్లీ వెళ్లి చూస్తానన్నాను. సింహాచలం ఈసారి పదకొండింటికి రమ్మన్నాడు. ఆ రోజు తెల్లవారేసరికి పాపకు ఒళ్లు కాలిపోతోంది. మందు పోసి, తడిగుడ్డ వేసి, జ్వరం దిగేదాకా కదలలేకపోయాను. దిగాక కూడా కదలబుద్ధి కాలేదు. "నే చూసుకుంటాలే, నువ్వెళ్లు. ఆవిడ ఉద్యోగం సంగతన్నావు కదా" అని అత్తయ్యగారే పంపేశారు. మా ఇల్లున్న కొత్తపేటలో బస్సెక్కి, అమలాపురంలో మారి, రేవుకు చేరేసరికి మూడున్నర.

రేవు నేను చూసిన రేవులా లేదు. మెట్ల కింద నీళ్లు లేవు. నల్లటి బురద ఒక ఇళ్ల వరసంత పొడుగున పరుచుకుని ఉంది, దాని చివర పడవ.

సింహాచలం పరిగెత్తుకొచ్చాడు. "ఇప్పుడొద్దండి మేడం గారండీ. పాటు మీదుంది, నీళ్లు తీసేసినాయి. రేపు పన్నెండింటికి రండి. పోటు ఎక్కుతాది, మెట్టు కాడికే తెత్తాను పడవ."

సముద్రం అక్కడికి దగ్గర. రోజుకు రెండుసార్లు పోటుకు నీరు పాయలోకి ఎక్కుతుంది, రెండుసార్లు పాటుకు దిగిపోతుంది. కోనసీమలో పుట్టిన నాకు ఇది తెలియదా? తెలుసు. తెలిసి కూడా ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఫరవాలేదు, ఇప్పుడే వస్తాను."

"బురదండీ! మోకాళ్ల దాకా దిగిపోతారు."

"దుర్గని మోసుకెళ్లింది ఈ బురదలోనే కదా?"

ఆయన చెయ్యి అందించాడు. పదడుగులకే నా ఎడమ చెప్పు బురద మింగేసింది. రెండోది నేనే విడిచిపెట్టాను. పడవలో కూర్చుని కాళ్ల వైపు చూసుకుంటూ అడిగాను, "ఇంతకుముందు మా ఆఫీసు వాళ్లు, ఈ యాంటెన్నాలు బిగించినవాళ్లు ఎప్పుడైనా ఇలా వచ్చారా?"

సింహాచలం గెడ వెయ్యడం ఆపి నా వైపు అదోలా చూశాడు. "అదేం మాటండీ? ఆఫీసర్లని పాటు మీద తీసుకెల్తామా? మర్యాద కాదు కదండీ. మీవాళ్లయినా, డాక్టరు గారయినా, ఎవరొచ్చినా పోటు చూసే రమ్మంటానండి. ఇరవయ్యేళ్లుగా ఒక్కరి కాలికీ బురద అంటనివ్వలేదు నేను."

గర్వంగా చెప్పాడు. నాకు మొదటిసారి తడవకుండా తిరిగొచ్చిన నా చెప్పులు గుర్తొచ్చాయి.

సబ్‌సెంటర్ గుమ్మంలో నాగమణి గారు చెంబుతో నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద పోస్తూ, "ఇలాగొచ్చేరేంటండీ మా తల్లే!" అంటూనే ఉన్నారు. నేను తడికాళ్లతోనే లాప్‌టాప్ తెరిచి పింగ్ పెట్టాను. పింగ్ అంటే అవతలికి చిన్న ముక్క పంపి తిరిగొస్తుందో లేదో చూసుకోవడం, గుహలో కేక వేసినట్టు. వంద పంపితే పద్నాలుగు తిరిగి రాలేదు. మళ్లీ వంద. పన్నెండు రాలేదు. పదహారు రోజుల కిందట అర నిమిషంలో వెళ్లిన అదే ఫైలును పంపమన్నాను. నేనూ, నాగమణి గారూ, వెంట వచ్చిన సింహాచలమూ నిలబడి చూశాం. ఐదు నిమిషాలకు సగం కూడా కాలేదు. యాప్ వదిలేసింది.

"ఇదేనండి. రోజూ ఇదే నేను పడేది" అన్నారు నాగమణి గారు.

రిజిస్టరు తెమ్మన్నాను. గోడకున్న క్యాలెండర్ దింపాను. నేను ఒక్కో వరస చదువుతుంటే నాగమణి గారు క్యాలెండర్ చూసి తిథి చెప్పారు. గుమ్మంలో గొంతుక్కూర్చున్న సింహాచలం వేళ్ల మీద లెక్క వేశాడు. పడవ వాళ్లకు ఏ తిథికి ఏ గంటకు నీరు ఎక్కుతుందో, తీస్తుందో నోటిలెక్క.

"త్రయోదశి, మధ్యాహ్నం రెండు దాటాక. వెళ్లలేదు."

"పాటండి."

"చవితి, పొద్దుట ఏడు."

"పాటే."

"పాడ్యమి, సాయంత్రం ఐదు."

"పాటేనండి. అడగాలా?"

"అష్టమి. రోజంతా వెళ్లింది."

"అష్టమికి నీళ్లు అంత తియ్యవండి. ఎప్పుడూ రేవులోనే ఉంటాయి."

"ద్వాదశి, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక. నాలుగుసార్లు."

అది దుర్గది. సింహాచలం లెక్క వేస్తున్న వేళ్లు ముడిచేశాడు. మంచం మోసిన నలుగురిలో ఆయనొకడు.

పోటు ప్రతిరోజూ ముప్పావుగంట పైన వెనకబడుతుంది. అందుకే గడియారం చూసుకునే నాకు ఆ లెక్కలో వేళ కనిపించలేదు. తిథి చూసుకునేవాడికి ఒక్క చూపులో కనిపించింది. "ఇన్నాళ్లూ చెప్పలేదేం?" అని అడిగేశాను. "నన్నెవరడిగేరండీ?" అన్నాడు సింహాచలం. నిజమే, నేనూ అడగలేదు. పడవ ఎన్నింటికని మాత్రం అడిగాను.

ఇప్పుడు లోపం సంగతి. గట్టు మీది యాంటెన్నా నుంచి వచ్చే తరంగం తిన్నగా లంకకు వస్తుంది, కొంత నీటి మీద పడి అద్దం మీద పడ్డ వెలుతురులా ఎగిరి కూడా వస్తుంది. రెండూ కలిసి వస్తే బలం. ఒకదానికొకటి ఎదురైతే రెండూ చచ్చుపడతాయి. ఎదురవుతాయా లేదా అన్నది నీరు ఏ ఎత్తులో ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. యాంటెన్నాలు బిగించినవాళ్లు సింహాచలం మర్యాద పుణ్యమా అని పోటు మీద వచ్చారు, నిండు నీటికి సరిపోయే ఎత్తులో బిగించారు, బాగుందని రాసుకున్నారు, పోటు తియ్యకముందే వెళ్లిపోయారు. నీరు రెండు మూడడుగులు దిగగానే లింకు కుంటుపడుతుంది. పూర్తిగా పడిపోదు. పడిపోతే మా ఆఫీసులో ఎర్ర దీపం వెలిగేది.

వందకు పన్నెండు ముక్కలు పోతే మిగతా ఎనభై ఎనిమిది వెళ్లాలి కదా, ఫైలు ఎందుకు అంతగా పాకుతుంది? ఇది చాలామంది ఇంజనీర్లే పట్టించుకోని విషయం. ఫైళ్లు పంపే పద్ధతిని టీసీపీ అంటారు. లంకలో ఒక రైతు కొబ్బరికాయలు విడతలు విడతలుగా దూరపు మండీకి పంపుతున్నాడనుకోండి. ప్రతి కాయకూ మండీ నుంచి చీటీ రావాలి. ఒక చీటీ రాకపోతే ఆ రైతు, కాయ నీళ్లలో పడిందని అనుకోడు. మండీలో జనం కిక్కిరిసి ఉన్నారు కాబోలని, తరవాతి విడతలో సగమే పంపుతాడు. ఇంకో చీటీ రాకపోతే అందులో సగం. తీగల మీద ఆ ఊహ దాదాపు ఎప్పుడూ నిజమే, అక్కడ ముక్కలు పోయేది రద్దీ వల్లే. కానీ గాలిలో ముక్కలు ఊరికే పోతాయి. అవతల రోడ్డంతా ఖాళీగా ఉంటే ఇవతల టాబ్లెట్ రద్దీ అనుకుని తనంతట తను తగ్గి, తగ్గి, పాకుతుంది. అప్పుడు ప్యాకేజీ యాభై అయినా ఒకటే, ఐదొందలైనా ఒకటే.

మందు రెండు చోట్ల వెయ్యాలి. ఒకటి, లంకలో గొట్టానికి, పాత యాంటెన్నాకి నాలుగడుగుల కింద, రెండో యాంటెన్నా. ఒకటి చచ్చుపడే నీటిమట్టానికి రెండోది బాగుంటుంది. రెండు, గట్టు మీద మా పెట్టెలో ఒక చిన్న సర్వర్. ప్రాక్సీ అంటాం. అది ఆ రైతుకు గట్టు మీదే కూర్చున్న గుమస్తా లాంటిది. కాయ పాయ దాటగానే చీటీ అక్కడే ఇచ్చేస్తుంది. నీళ్లలో పడితే వెంటనే ఇంకొకటి పంపమని కేకేస్తుంది. అక్కడి నుంచి మండీ దాకా తీగ మీద పూచీ దానిది. ఆ పాయ మీది నష్టం రద్దీ కాదని గుమస్తాకు తెలుసు, కనుక రైతును విడత తగ్గించనివ్వదు. ఇవన్నీ ఎప్పటి నుంచో ఉన్న పద్ధతులే. నేను కనిపెట్టిందేమీ లేదు. మా దగ్గర లేనిది పరికరం కాదు.

రెండో రిపోర్టు రాశాను. మొదటి వాక్యంలోనే, ముందు ఇచ్చిన రిపోర్టు తప్పని, అది నేను నిండు పోటు మీద వెళ్లి చూసి రాసిందని, ఉపసంహరించుకుంటున్నానని రాశాను. మేనేజర్ గారు ఆ వాక్యం తీసేసి "అనివార్యమైన ప్రకృతి కారణాల వల్ల" అని రాయమన్నారు.

"ప్రకృతి తప్పేముంది సార్? అది తిథి ప్రకారం నడుస్తోంది. దాని వేళలు చెప్పే మనిషి రేవులోనే ఉన్నాడు."

"నువ్వు చిన్నపిల్ల తల్లివమ్మాయ్. ఉద్యోగం కావాలి కదా నీకు. ఆలోచించుకో."

ఆలోచించాను. మూడు రోజులు సరిగ్గా తిండి తినలేదు. ఉద్యోగం పోతే పాప సంగతేమిటని భయం. ఆ భయం వెనకే ఇంకో భయం. రేపు ఇది పెద్దదై, అమ్మా నువ్వేం పని చేస్తావంటే ఏం చెప్పాలి? మేనేజర్ గారు సంతకం పెట్టని ఆ రిపోర్టు మీద నా ఒక్కదాని సంతకం పెట్టి, గడువుకు ఒకరోజు ముందు నాగమణి గారి చేతికిచ్చాను. ఆవిడ తన జవాబుకు దాన్ని జతచేశారు. మెమో మీద విచారణ వేశారు.

విచారణకు రావలసిన అధికారి ఆఫీసు నుంచి, ఎప్పటిలాగే, సింహాచలానికి ఫోన్ వచ్చింది. ఫలానా రోజున సారు వస్తారు, ఎన్నింటికి రమ్మంటావు? ఆ రోజు పున్నమి. పదింటికి నిండు పోటు, నాలుగింటికి నిండు పాటు.

సింహాచలం ఏం చెప్పాలో తెలియక నాకు ఫోన్ చేశాడు. "ఏం చెప్పమంటారండీ?"

"నాలుగింటికి రమ్మనండి."

"అంత పెద్దాయన్నండీ! బురదలో దింపితే నా మర్యాదేం కాను?"

"సింహాచలం గారూ, పదింటికి తీసుకొస్తే ఫైలు అర నిమిషంలో వెళుతుంది. ఆయన చెప్పులు తడవకుండా గట్టెక్కుతారు. నాగమణి గారు చేతకానిదనిపించుకుంటారు."

"ఆయ్" అన్నాడు చివరికి. "ఈ ఒక్కసారికీ పాటు మీదే తెత్తానండి."

తెచ్చాడు. నేను ముందే వెళ్లి సబ్‌సెంటర్‌లో ఉన్నాను. ఆ అధికారి బూట్లు ఒక చేత్తో, పంట్లాం ఇంకో చేత్తో పట్టుకుని వచ్చారు. ముఖం కందగడ్డలా ఉంది. నాగమణి గారు నాకు పోసినట్టే ఆయన కాళ్ల మీదా చెంబుతో నీళ్లు పోశారు. ఆయన కూర్చోకుండానే, "పంపండి, చూద్దాం" అన్నారు.

నాగమణి గారు పంపారు. ఐదు నిమిషాలు ఎంత పొడవో ఆ గదిలో అందరికీ తెలిసింది. యాప్ వదిలేసింది. "మళ్లీ" అన్నారాయన. ఇంకో ఐదు నిమిషాలు. ఈసారి వాచీ చూసుకోవడం మానేసి గోడకున్న బిడ్డల టీకాల పట్టిక చూస్తూ నిలబడ్డారు. మళ్లీ వదిలేసింది.

"ఇలాంటప్పుడేనా ఆ అమ్మాయి వచ్చింది?"

"ఆయ్. నొప్పి వచ్చినప్పుడల్లా బిడ్డ గుండె జారిపోతందండి. ఇంకా ఎంతసేపని చూడనండీ?" అన్నారు నాగమణి గారు.

ఆయన నా వైపు తిరిగారు. "మొదటిసారి వచ్చినప్పుడు మీరేం చూశారమ్మా మరి?"

"నిండు నీళ్లు చూసి వెళ్లాను సార్" అన్నాను.

వారంలో మా కంపెనీకి పైనుంచి ఉత్తరం వచ్చింది. నెలరోజులుగా కుదరనిది రెండు రోజుల్లో కుదిరింది. యాంటెన్నా, గట్టు మీద సర్వర్, అన్నీ దొరికాయి. అమర్చాక అమావాస్య నాటి పాటులో, బురదలో దిగి వెళ్లి, అదే ఫైలు పంపించి చూశాను. నిమిషం లోపే వెళ్లింది. నాగమణి గారు నమ్మక మూడుసార్లు పంపారు. మేనేజర్ గారు దీన్ని "లంక గ్రామాల్లో సేవల మెరుగుదల" అని పై ఆఫీసుకు రాశారు. నన్ను తీసేయలేదు. మెచ్చుకోనూ లేదు. తీసేయకపోవడమే మెచ్చుకోలు అనుకోమన్నట్టు చూశారు.

నాగమణి గారి మెమో మీద "ఇంతటితో ముగించడమైనది" అని వచ్చింది. ఒక్క వాక్యం. మెమో తప్పని గానీ, ఆవిడ చేసింది సరైనదని గానీ లేదు. ఒక ప్రాణం నిలబెట్టిన మనిషికి ఇచ్చింది అదీ. నా మొదటి రిపోర్టు ఇప్పటికీ ఆవిడ ఫైల్లోనే ఉంది, పిన్నుతో సహా. తీయించమని రెండుసార్లు అడిగాను. ఒకసారి ఫైల్లో చేరిన కాగితం తీయడానికి కుదరదన్నారు. ఇది రాస్తుంటే మళ్లీ ఒళ్లు మండుతోంది.

ఆ తరవాత మేం సైట్‌కి వెళ్లినప్పుడు నింపే ఫారంలో ఒక గడి కలిపాను: "చూసిన వేళ: పోటు / పాటు." ఇంటర్నెట్ ఫారంలో ఇదేమిటని మేనేజర్ గారు అడిగారు. తీసేయమని మాత్రం అనలేదు. కొత్తగా చేరిన ఇంజనీర్లు ఆ గడి ఖాళీగా వదిలి తెస్తే నేను సంతకం పెట్టను. ఫిర్యాదు చేసినవాళ్లు ఏ వేళ బాధపడుతున్నారో ఆ వేళకే వెళ్లి చూసి రమ్మని వెనక్కి పంపిస్తాను. గొణుక్కుంటూ వెళతారు. వెళ్లనీ.

టీసీపీని నేనేమీ అనను. ఒక ముక్క పోతే అది ఎందుకు పోయిందో దానికి తెలిసే దారి లేదు. కూర్చున్న చోటు నుంచి ఊహించుకుని తప్పు నిర్ణయం తీసుకుంటుంది. లేచి పాయ దాటి వెళ్లి చూడడానికి దానికి కాళ్లు లేవు.

నాకున్నాయి. వాటికి బురద అంటకుండా చూసుకున్నాను.